హాలు కన్నా ముందు లెక్క

ముహూర్తాలు కుదించుకుపోయిన ఏడాదిలో కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో పెళ్లికి చోటు వెతకడం, దాన్ని అలంకరించడం

మంచి ముహూర్తం ఉన్న రాత్రి 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్లేవారికి కామారెడ్డి ఊరు రాకముందే పెళ్లిళ్లు కనిపిస్తాయి. ఫంక్షన్ హాళ్ల ప్రహరీల మీది నుంచి సీరియల్ లైట్లు వేలాడుతుంటాయి. కమాను పక్కన వధూవరుల పేర్లతో ఫ్లెక్సీ, దాని వెనక రొద పెడుతున్న జనరేటర్, మట్టిలో అడ్డదిడ్డంగా ఆగిన కార్లు, ఆటోలు, ట్రాక్టర్లు, లోపల వేదిక మీద ఫొటో కోసం వరుస కట్టిన చుట్టాలు, వెనక రేకుల షెడ్డులో మూడో బంతికి అన్నం వారుస్తున్న వంటవాళ్లు, అంతా ఒకే ఆవరణలో తోసుకుంటూ ఉంటుంది. అదే రాత్రి అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, లింగంపేట దాటాక వచ్చే ఎల్లారెడ్డి వైపు పల్లెల్లో, వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వేసిన టెంటు కింద, ఇంటి ముందరి గుంజలకు కట్టిన మామిడి, నేరేడు కొమ్మల నడుమ మరో లగ్గం జరుగుతుంటుంది. ఈ రెండు పెళ్లిళ్లకూ పెద్దలు కూర్చుని వేసుకున్న లెక్కలో మొదటి పంక్తి ఒకటే: చోటు ఎక్కడ, దానికి ఎంత?

ఈ ఏడాది ఆ ప్రశ్న మరింత బిగుసుకుంది. గురువు గానీ శుక్రుడు గానీ సూర్యుడికి మరీ చేరువై కంటికి కనిపించకుండా పోయే రోజులను మూఢం అంటారు. ఆ రోజుల్లో పెళ్లిళ్లు చేయరు. 2025 నవంబరు చివరి వారంలో మొదలైన శుక్ర మూఢం 2026 ఫిబ్రవరి మధ్య దాకా సాగింది. ఆ తర్వాత మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం వచ్చింది. రెండు అమావాస్యల మధ్య సూర్యుడు కొత్త రాశిలోకి అడుగుపెట్టని చాంద్రమాసమే అధిక మాసం, అందులోనూ శుభకార్యాలు ఉండవు. నిజ జ్యేష్ఠం జులై 14తో ముగియగానే ఆషాఢం. ఎండాకాలపు సెలవులు, యాసంగి వరి డబ్బులు, గల్ఫ్ నుంచి వచ్చే కొడుకుల సెలవు, ఇవన్నీ కలిసే నెలలోనే పంచాంగం తలుపు మూసేయడంతో, మిగిలిన కొద్దిపాటి తేదీల మీద అన్ని కుటుంబాలూ ఒకేసారి పడతాయి. హాలు యజమాని చెప్పే ధరలో సగం ఆ తేదీదే అన్నది ఇక్కడి పెళ్లి పెద్దలకు కొత్త సంగతి కాదు, కానీ లెక్క వేసుకునేటప్పుడు చాలామంది మరిచిపోయేది కూడా అదే.

పందిరి కింది నుంచి హాలు లోపలికి

ఒక తరం కిందటి వరకు ఈ ప్రాంతంలో పెళ్లికి చోటు వెతకడమనే పని దాదాపు లేదు. పెళ్లి ఇంటి ముందే జరిగేది; కొన్ని కులాల్లో అమ్మాయి ఇంట, కొన్నింటిలో అబ్బాయి ఇంట. గుంజలు పాతి పచ్చని పందిరి వేయడానికి బంధువుల చేతులే చాలేవి, కుమ్మరి ఇంటి నుంచి రంగులు వేసిన ఐరేని కుండలు మేళతాళాలతో వచ్చేవి, మగపెళ్లి వారి విడిదికి పక్కింటి అరుగో, సెలవుల్లో ఉన్న బడిగదో సరిపోయేది. అలంకారంగా ఈనాడు చూసేదంతా అప్పట్లో ఆచారంలో భాగం: నేరేడు కొమ్మ, మామిడి తోరణం, అరటి బోదె, ముగ్గు, పసుపు రాసిన గడప. వాటికి వేరే పద్దు ఉండేది కాదు.

ఆ ఏర్పాటు చెదిరిపోవడానికి కారణాలు కళ్లముందే ఉన్నాయి. ఉమ్మడి పెంకుటిళ్లు విడిపోయి స్లాబు ఇళ్లయ్యాయి, వాకిళ్లు సీసీ రోడ్లలో కలిసిపోయాయి, పందిరి వేసే పిల్లలు హైదరాబాద్‌లోనో దుబాయ్‌లోనో ఉన్నారు. ఊరంతటికీ ఇచ్చే పిలుపు మాత్రం తగ్గలేదు, పెరిగింది. ఇంటికొకరు రావాలన్న పిలుపు ఒక రకం. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలిగించనక్కర లేదని ఇంటిల్లిపాదినీ పిలవడం మరో రకం. రెండో రకం పిలుపు ఇచ్చిన కుటుంబానికి వాకిలి చాలదు. అలా మొదట టెంట్‌హౌస్, తర్వాత రహదారి పక్క చెట్లు, పచ్చిక ఉన్న ‘గార్డెన్స్’, ఆపైన ఏసీ హాలు వచ్చాయి. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా కేంద్రమయ్యాక ఊరు, దానితో పాటు హాళ్లూ రహదారి వెంబడి పెరిగాయి.

ఎల్లారెడ్డి పరిస్థితి వేరు. రెవెన్యూ డివిజన్ కేంద్రం, మున్సిపాలిటీ అయినా పెద్ద హాళ్ల విషయంలో కామారెడ్డితో పోలిక లేదు. ఇక్కడి కుటుంబం ముందు సాధారణంగా నాలుగు దారులుంటాయి: ఇంటి ముందు టెంటు, కుల సంఘ భవనం, ఊళ్లోని హాలు, లేదా కామారెడ్డి, బాన్సువాడ, మెదక్ వైపు ప్రయాణం. నాలుగో దారి ఎంచుకున్నవారు హాలు అద్దెతో పాటు రెండు మూడు బస్సుల అద్దె, తిరుగు ప్రయాణంలో అర్ధరాత్రి వేళ ముసలివారి ఇబ్బంది, ఊరివాళ్లలో సగం మంది రాకపోవడం అనే మూడు ఖర్చులను మోస్తారు. చివరిదాన్ని రూపాయల్లో చెప్పలేం, కానీ పల్లెలో అది ఏళ్ల తరబడి మాటల్లో ఉంటుంది. కామారెడ్డి, బాన్సువాడ ఆర్టీసీ డిపోల నుంచి పెళ్లి బస్సులు అద్దెకు తీసుకునే వీలుంది కాబట్టి, హాలు అద్దె, బస్సుల అద్దె కలిపిన మొత్తాన్ని ఊళ్లోని చిన్న హాలు అద్దెతో పోల్చి చూడటం న్యాయం. అద్దెను అద్దెతో మాత్రమే పోలిస్తే లెక్క తప్పుతుంది.

బాక్స్: కల్యాణలక్ష్మి, ఒక కొలమానం

2014 అక్టోబరు 2న ఎస్సీ, ఎస్టీ కుటుంబాల ఆడపిల్లల పెళ్లికి 51,000 రూపాయల సాయంగా మొదలైన కల్యాణలక్ష్మి తర్వాత వెనుకబడిన వర్గాలకూ విస్తరించింది; మైనారిటీలకు అదే సాయం షాదీ ముబారక్ పేరుతో అందుతుంది. సాయం 2017లో 75,116 రూపాయలకు, 2018లో 1,00,116 రూపాయలకు పెరిగింది. వధువుకు 18 ఏళ్లు నిండి ఉండాలి. చెక్కు పెళ్లి తర్వాత చేతికందడం మామూలు కాబట్టి, దాన్ని హాలు అడ్వాన్సుకు లెక్కలో పెట్టుకున్న కుటుంబం మధ్యలో వడ్డీకి తేవలసి వస్తుంది. పెళ్లికి చేసిన అప్పు తీర్చే సొమ్ముగా దాన్ని చూడటమే క్షేమం.

తలల లెక్క తేలితేనే

చోటు వెతికేవారు సాధారణంగా హాలు చూసి, నచ్చి, అడ్వాన్సు ఇచ్చి, ఆ తర్వాత ఎంతమందిని పిలవాలో కూర్చుని రాసుకుంటారు. వరుస తలకిందులైన ఈ పద్ధతే బడ్జెట్‌ను దెబ్బతీస్తుంది. హాలు పెద్దదైతే జాబితా దానికదే పెరుగుతుంది, ఎందుకంటే ఖాళీ కుర్చీలు కనిపిస్తే మాట పోతుందన్న భయం ఉంటుంది. పెళ్లి మొత్తం ఖర్చులో తలల సంఖ్యతో పాటు పెరిగేవి భోజనం, కుర్చీలు, నీళ్లు, వాహనాల చోటు, పెట్టుపోతలు. పెరగనివి వేదిక, పురోహితుడు, మేళం, ఫొటోలు. ఉదాహరణకు విస్తరికి 350 రూపాయలు పడుతుందనుకుంటే, 800 మందికి 2,80,000 రూపాయలు, 600 మందికి 2,10,000 రూపాయలు. రెండింటి మధ్య తేడా 70,000. ఆ సొమ్ముతో వేదికను అసలు పూలతో నింపవచ్చు, లేదా అప్పు అంత తగ్గించుకోవచ్చు. అలంకరణలో పైసా పైసా కోసి మిగిల్చేదాని కన్నా జాబితాలో రెండు పేజీలు తగ్గిస్తే మిగిలేదే ఎక్కువ.

జాబితా కుదించడం చెప్పినంత సులభం కాదన్నది నిజమే. అయితే 2021 మే నెలలో కరోనా లాక్‌డౌన్ విధించినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం పెళ్లికి 40 మందినే అనుమతించింది, ఆ నలభై మందితోనే ఇక్కడా లగ్గాలు జరిగాయి. ఆ పెళ్లిళ్లు చేసుకున్నవారి కాపురాలకు లోటేమీ రాలేదు. ఆంక్ష పోగానే పాత జాబితాలు తిరిగి వచ్చాయి కాబట్టి, ఆ అనుభవం నుంచి కుటుంబాలు నేర్చుకున్నది తక్కువే అనాలి. మధ్యేమార్గం ఒకటి ఉంది: ముహూర్తానికి దగ్గరి చుట్టాలతో గుడిలోనో ఇంటి ముందో పెళ్లి, మరుసటి రోజు ఊళ్లోనే దావత్. మాంసాహార విందు ఎటూ పెళ్లి మరునాడు పెట్టే ఆనవాయితీ ఉన్న కుటుంబాలకు ఇది పూర్తిగా కుదురుతుంది, ఏసీ హాలు అవసరమే తప్పిపోతుంది. భిక్కనూరు సిద్ధరామేశ్వరాలయం, బీర్కూరు మండలం తిమ్మాపూర్ వెంకటేశ్వరాలయం వంటి క్షేత్రాల మీద భక్తి ఉన్న కుటుంబాలకు ముహూర్తం అక్కడ పెట్టుకోవడం తృప్తి, పొదుపు కలిసివచ్చే దారి.

తలల సంఖ్య తేలాక హాలును మూడు కొలతలతో పరీక్షించాలి. మొదటిది భోజనశాల. పెళ్లి హాలులో ఎంతమంది కూర్చోవచ్చన్నది యజమానులు గర్వంగా చెబుతారు, భోజనాల దగ్గర ఎంతమంది కూర్చోవచ్చన్నది అడిగితే గానీ చెప్పరు. 200 మంది కూర్చునే భోజనశాలలో 800 మంది తినాలంటే నాలుగు బంతులు. వడ్డన, ఎత్తడం, తుడవడం కలిపి బంతికి 40 నిమిషాలు పడితే, పన్నెండుంబావుకు మొదలైన భోజనం మూడు దగ్గర పడితే గానీ ముగియదు. నాలుగో బంతిలో కూర్చునేది ఎవరు? పని చేసినవాళ్లు, ఆడపెళ్లివారు, దూరం నుంచి వచ్చి మొహమాటపడినవాళ్లు. రెండో కొలత వాహనాల చోటు. కారు నిలిపి, తిప్పి తీయడానికి 250 చదరపు అడుగులు కావాలనుకుంటే అరవై కార్లకే 15,000 చదరపు అడుగులు, అంటే దాదాపు 14 గుంటల నేల. రహదారి పక్క హాళ్లలో అంత చోటు లేకపోతే బండ్లు దారి మీదికి వస్తాయి, వేగంగా పోయే లారీల పక్కన పిల్లలు దిగుతారు. మూడోది కరెంటు.

వేడి, వాన, కరెంటు

మే నెలలో ఉష్ణోగ్రత 42, 43 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో ఏసీ ఉందా లేదా అన్న ప్రశ్న కన్నా కరెంటు పోయినప్పుడు ఏసీ నడుస్తుందా అన్నది ముఖ్యం. జనరేటర్ సామర్థ్యాన్ని కేవీఏ అనే కొలతలో చెబుతారు. మామూలు లెక్కలో అందులో నూటికి ఎనభై వంతులు కిలోవాట్లుగా వాడుకోవచ్చు. 62.5 కేవీఏ యంత్రం 50 కిలోవాట్లు ఇస్తుంది. టన్నున్నర ఏసీ ఒక్కోటి కిలోవాటున్నర దాకా తీసుకుంటుంది కాబట్టి, ఇరవై ఏసీలకు 30 కిలోవాట్లు పోగా మిగిలిన దానిలో వంటగది మోటారు, మైకు, లైట్లు, డెకరేషన్ వాళ్లు తెచ్చే ఫోకస్ లైట్లు, ఎల్‌ఈడీ తెర సర్దుకోవాలి. చాలని పక్షంలో ఆగిపోయేవి ముందు ఏసీలే. డీజిల్ ఎవరిదన్న మాట ముందే తేల్చుకోని కుటుంబాలకు చివరి బిల్లులో అది పెద్ద అంకెగా కనిపిస్తుంది.

ఏసీ లేని హాలు పనికిరాదని కాదు. ఎత్తైన పైకప్పు, రెండు వైపులా కిటికీలు, పెద్ద కూలర్లు ఉన్న పాతకాలపు హాలులో ఉదయం తొమ్మిది లోపు ముహూర్తమో, సూర్యాస్తమయం తర్వాతి లగ్నమో దొరికితే అద్దెలో మిగులు కనిపిస్తుంది. పురోహితుడు ఇచ్చిన రెండు మూడు ముహూర్తాల్లో వేళను కూడా ధరగా చూడగలిగిన పెద్దలు అరుదు, కానీ తెలివైనవారు వారే.

వాన సంగతి ఈ జిల్లాకు వేరే చెప్పనక్కర లేదు. 2025 ఆగస్టు 27న వినాయక చవితి నాడు మొదలైన కుండపోతలో రాజంపేట మండలంలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వర్షం పడింది. కామారెడ్డి పట్టణంలో కాలనీలు మునిగాయి, రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది, కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో రోడ్లు, వంతెనలు దెబ్బతిన్నాయి. అది భాద్రపదం కావడంతో పెళ్లిళ్ల కాలం కాలేదు, కానీ దానికి ముందరి శ్రావణం పూర్తిగా పెళ్లిళ్ల నెల. చెరువు శిఖంలోనో, వాగు ఒడ్డునో, రహదారి మట్టం కన్నా పల్లంలోనో కట్టిన గార్డెన్స్‌ను వానాకాలపు పెళ్లికి ఎంచుకోవద్దు. ఎండాకాలంలో కూడా సాయంత్రం గాలిదుమారం, వడగళ్లు ఈ ప్రాంతానికి అలవాటే. బయట వేదిక వేసేవారు లోపల అదే వేదికను అరగంటలో అమర్చుకునే చోటు ఉందో లేదో చూసుకోవాలి.

బాక్స్: పన్నుల, నిబంధనల మాట

ఏటా 20 లక్షల రూపాయల రాబడి దాటిన హాలు యజమాని అద్దె మీద 18 శాతం జీఎస్టీ వసూలు చేయాలి. లక్ష అద్దెకు 18,000. ‘పన్ను వేరే’ అన్న మాట చివర్లో వినిపించకుండా ముందే అడగాలి. నమోదైన ధార్మిక సంస్థల ఆధీనంలో ఉండే ఆలయ ప్రాంగణంలోని కల్యాణ మండపానికి రోజు అద్దె 10,000 రూపాయల లోపు ఉంటే ఈ పన్ను పడదు. 2000 నాటి ధ్వని కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్ స్పీకర్లు మోగించకూడదు. ఈ వేళల నిషేధం నుంచి నాలుగు గోడల మధ్య హాలుకు మినహాయింపు ఉంది. 2022 జులై 1 నుంచి అలంకరణకు థర్మోకోల్, 100 మైక్రాన్ల కన్నా పలచని పీవీసీ బ్యానర్లు, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లాలు, గ్లాసులు దేశమంతటా నిషిద్ధం. థర్మోకోల్‌తో చెక్కిన పేర్లు, హంసలు ఇప్పటికీ వేదికల మీద కనిపించడం నిబంధన పట్ల అలక్ష్యమే.

అలంకరణ: కన్ను ఆగేచోట ఖర్చు

హాలు తేలాక డెకరేషన్ వాళ్ల ఆల్బమ్ తెరుచుకుంటుంది, ఇప్పుడైతే ఫోనులో వీడియోలు. కుటుంబాలు అక్కడ చేసే పొరపాటు ఒక్కొక్క బొమ్మను వేర్వేరుగా ఇష్టపడటం: ఒక పెళ్లి నుంచి కమాను, మరో దాని నుంచి నడవ, ఇంకోదాని నుంచి పైకప్పు గుడ్డలు. ఫలితంగా మూడు రంగులు, మూడు రకాల వెలుగు, ఒక పెద్ద బిల్లు వస్తాయి. అతిథి చూపు నిజంగా నిలిచేది మూడు చోట్లే: లోపలికి వచ్చే ద్వారం, తాళి కట్టే మండపం, వధూవరులు నిలబడి అక్షింతలు అందుకునే వేదిక వెనక తెర. వీటిలోనూ ఫొటోల్లో, వీడియోల్లో ఏళ్ల తరబడి మిగిలేది మండపం, తెర మాత్రమే. పైకప్పంతా గుడ్డలతో కప్పడం, ప్రతి కుర్చీకి రిబ్బను కట్టడం, హాలు మూల మూలనా పూలకుండీలు పెట్టడం మొదటి పది నిమిషాల తర్వాత ఎవరికీ కనిపించవు, తగ్గించవలసింది అక్కడే.

పూల విషయంలో బంతి, చేమంతి ఈ ప్రాంతపు కాలానికి, రంగుకు కుదిరినవి. ముహూర్తపు రోజుల్లో హైదరాబాద్ గుడిమల్కాపూర్ మార్కెట్ ధర చూసే ఇక్కడి డెకరేషన్ వాళ్లు బేరం చెబుతారు, అందువల్ల ‘పూలు ఎన్ని కిలోలు’ అని కాగితం మీద రాయించుకోకపోతే ధర పెరిగిన నాడు పూలు పలచబడతాయి. గులాబీ, ఆర్కిడ్, లిల్లీ ఏసీ లేని హాలులో మధ్యాహ్నానికి వాడిపోతాయి. తెర మొత్తాన్ని పూలతో కాక ఆకులతో నింపి, మధ్యలో మాత్రం పూలు పెడితే ఖర్చు గణనీయంగా తగ్గుతుంది. కొబ్బరి మట్టలు ఇక్కడ దొరకడం కష్టం, కోస్తా నుంచి రావాలి. తాటాకు, ఈత మట్ట, మామిడి, నేరేడు, అరటి ఊళ్లోనే ఉంటాయి. ఫాల్గుణంలో పెళ్లయితే బీళ్ల నిండా విరగబూసే మోదుగ ఉండనే ఉంది. ఈ సరుకుతో పని చేయగలిగిన చేతులు పల్లెల్లో ఇంకా మిగిలి ఉండగా, ప్లాస్టిక్ పూల గోడను అద్దెకు తెచ్చి దాని మీద అసలు పూల ధర కట్టడం అర్థం లేని పని.

అద్దెకు తెచ్చేవాటిలో ఫైబర్ స్తంభాల మండపాన్ని మాత్రం తప్పు పట్టలేం. ఒకే మండపం సీజన్‌లో పదుల పెళ్లిళ్లకు తిరుగుతుంది కాబట్టి దాని అద్దె తక్కువ. కొత్తగా చేయించుకునే సెట్ ఖరీదు మొత్తం ఒక కుటుంబం మీదే పడుతుంది. హాలులో ముందు రోజు రాత్రి, మరుసటి ఉదయం వేర్వేరు కుటుంబాల పెళ్లిళ్లుంటే వేదిక చట్రాన్ని, తెరను ఇద్దరూ పంచుకుని పూలు మాత్రం మార్పించుకోవచ్చు. దీనికి రెండు కుటుంబాల మధ్య ఒక ఫోను చాలు, అడ్డు వచ్చేది ‘వాళ్లదే మనకు పెట్టారా’ అన్న మాట మాత్రమే.

వెలుగు గురించి డెకరేషన్ వాళ్లకన్నా ఫొటోగ్రాఫర్‌ను అడగడం మంచిది. ముదురు ఎరుపు తెర ముందు ఎర్రటి పట్టుచీర కనిపించదు. నీలం, ఊదా రంగు దీపాల కింద పసుపు రాసిన ముఖం బూడిద రంగులోకి మారుతుంది. మండపం మీద పసుపు వెలుగు, నడవలో తక్కువ వెలుగు పెడితే అలంకరణ తక్కువైనా నిండుగా అనిపిస్తుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత తేడా తెచ్చే పని అలంకరణలో మరొకటి లేదు.

తనకంటూ ఒక రూపం ఉన్న చోటు దొరికితే అలంకరణ పద్దు సగానికి సగం తగ్గుతుంది. కామారెడ్డికి దగ్గర్లోని దోమకొండ గడికోట దీనికి మంచి ఉదాహరణ; కామినేని వంశీయులు మరమ్మతులు చేయించిన ఆ కోటకు 2022లో వారసత్వ పరిరక్షణకు యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం లభించింది. సున్నపు గోడలు, రాతి స్తంభాలు, వాటి మీది నీడలు ఉన్న అలాంటి కట్టడం ముందు ఫైబర్ కమాను వెలవెలబోతుంది. ప్రతి కుటుంబానికీ కోట దొరకదు, కానీ నాలుగు వేపచెట్లున్న మామ ఇంటి దొడ్డి, గుడి ముందరి రాతి మండపం, పాత పెంకుటింటి నడవ చాలా ఊళ్లలో ఇంకా ఉన్నాయి. రెండు మూడు గంటల వరపూజకు, పసుపు దంచే కోట్నాలకు, మైలపోలుకు హాలు అద్దెకు తీసుకోవడం ఈ మధ్య మొదలైన అనవసరపు ఖర్చు.

గుడ్డకు, నిప్పుకు మధ్య

అలంకరణ గురించి రాసేవారు సాధారణంగా విడిచిపెట్టే విషయం నిప్పు. 1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలీలో ఒక పెళ్లి మందిరంలో బడి పిల్లల వార్షికోత్సవం జరుగుతుండగా టెంటు గుడ్డకు మంట అంటుకుని 442 మంది చనిపోయారు. వారిలో సగానికి పైగా పిల్లలే. 2004 జనవరి 23న తమిళనాడులోని శ్రీరంగంలో కల్యాణ మండపం మేడ మీద వేసిన ఆకుల పందిరి వీడియో లైటు దగ్గర మొదలైన మంటతో కాలిపోయి వరుడితో సహా యాభై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. 2023 సెప్టెంబరులో ఇరాక్‌లోని ఒక పెళ్లి హాలులో లోపల కాల్చిన బాణసంచా నిప్పు పైకప్పు అలంకరణకు అంటుకుని వందమందికి పైగా మరణించారు. మూడు చోట్లా చంపింది అలంకరణకు కట్టిన సరుకు, పారిపోవడానికి చాలని తలుపులు.

వధూవరులు నడిచి వస్తుంటే రెండు వైపులా చిమ్మే ‘కోల్డ్ పైరో’ నిప్పురవ్వలు ఇప్పుడు ఎల్లారెడ్డి పెళ్లిళ్లలోనూ కనిపిస్తున్నాయి. పేరులో చల్లదనం ఉన్నా అవి మండే లోహపు పొడి రవ్వలే. పైన పాలిస్టర్ గుడ్డ, పక్కన ప్లాస్టిక్ పూలు ఉన్నచోట వాటికి అనుమతి ఇవ్వకూడదు. హోమగుండానికి, తెరకు మధ్య కనీసం ఆరడుగుల ఖాళీ ఉండాలి. ఇంటి ముందు టెంటు వేసేవారు వీధి మొత్తాన్ని మూయకుండా అంబులెన్స్, ఫైరింజన్ పట్టే దారి వదలాలి. పచ్చి ఆకుల పందిరి పాలిస్టర్ కన్నా నయం, ఎండిన తాటాకు కాదు.

తెలంగాణలో అమల్లో ఉన్న అగ్నిమాపక చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలంలో ఉన్న ఫంక్షన్ హాళ్లు అగ్నిమాపక శాఖ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. కామారెడ్డి, ఎల్లారెడ్డి చుట్టుపక్కల ప్రధాన హాళ్లలో ఎక్కువ భాగం ఆ పరిమాణంలోనివే. అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ పత్రం చూపమని అడిగే కుటుంబాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా ఉండవు.

కాగితం మీద పెట్టవలసినవి

నోటిమాట మీద నడిచే ఈ వ్యాపారంలో తగాదాలన్నీ దాదాపు ఒకే నాలుగైదు విషయాల మీద వస్తాయి. హాలు ‘రోజు’ ఎన్ని గంటలకు మొదలై ఎన్ని గంటలకు ముగుస్తుంది, డెకరేషన్ వాళ్లకు లోపలికి ఎప్పటి నుంచి అనుమతి, కరెంటు బిల్లు మీటరు మీదా గంపగుత్తగానా, డీజిల్ ఎవరిది, నీళ్ల ట్యాంకర్ ఎవరిది, శుభ్రం చేసే ఖర్చు, బయటి క్యాటరింగ్‌కు, కట్టెల పొయ్యికి, మాంసాహారానికి అనుమతి ఉందా, తేదీ మార్చుకుంటే అడ్వాన్సు ఎంత తిరిగి వస్తుంది అన్న వాటిని రసీదు వెనకైనా రాయించుకుని సంతకం తీసుకోవాలి. డెకరేషన్ వాళ్ల విషయంలో ఆల్బమ్ ఫొటో నంబరు, పూల బరువు, లైట్ల సంఖ్య, ఏ గంటకు పని ముగించి చూపిస్తారన్నది రాయాలి. కుల సంఘ భవనమైనా ఇదే పద్ధతి మంచిది. సొంతవాళ్ల దగ్గర కాగితం అడగడం మొహమాటమే అయినా తర్వాతి మాట కన్నా అది చిన్నది.

శ్రావణం ఈ ఏడాది ఆగస్టు 13న మొదలవుతోంది. ఆ ముహూర్తాలకు హాలు చూడబోయే కుటుంబాలు అద్దె అడిగే ముందు అగ్నిమాపక పత్రం, జనరేటర్, భోజనశాల కుర్చీలు, వాన నీరు పోయే దారి చూపమని అడగాలి. కామారెడ్డి, ఎల్లారెడ్డి మున్సిపాలిటీలు తమ పరిధిలోని ప్రతి హాలు గేటు దగ్గర అనుమతించిన జనసంఖ్యను, అగ్నిమాపక పత్రం గడువును తెలుగులో బోర్డు మీద రాయించాలి.